విల్లుతో ఎల్క్ వేట: పిలుపు నేర్చుకోవడం నుంచి మాంసం ఇంటికి చేర్చడం దాకా

మూడు వందల కిలోల జంతువు ఈల వేస్తుందంటే చెవులారా వినేదాకా నమ్మబుద్ధి కాదు. సెప్టెంబర్‌లో, రాకీ పర్వతాల్లో, ఇంకా మసక చీకటి ఉండగానే లోయ అవతలి నుంచి ఆ కూత వస్తుంది. బొంగురుగా మొదలవుతుంది, మెట్లు ఎక్కినట్టు పైకి వెళ్తుంది, సన్నటి ఈలగా సాగి సాగి, చివర్లో దగ్గులాంటి నాలుగైదు శబ్దాలతో ఆగిపోతుంది. ఎల్క్ అంటే అమెరికా కొండల్లో తిరిగే పెద్ద జింక. మగ ఎల్క్ పెట్టే ఈ కూతనే బ్యూగుల్ అంటారు.

కొలరాడోలో విల్లుతో ఎల్క్ వేటకు వెళ్లడం నాకు ఇది తొమ్మిదో ఏడు. మొదటి మూడు సీజన్లు ఒక్క బాణం కూడా వదల్లేదు. వాటి కూతను అనుకరించి పిలవడానికి గొంతు బాగానే కుదిరింది, ఎల్క్‌లు బదులు కూడా ఇచ్చేవి, దగ్గరికి మాత్రం వచ్చేవి కావు. నాలుగో ఏడు అర్థమైంది. ఎంత బాగా కూశామన్నదాని కంటే ఎక్కడ నిలబడి కూశామన్నది ముఖ్యం. అదే కూత ఎనభై గజాల నుంచి వినిపిస్తే ఎల్క్‌కి ఒక అర్థం, నాలుగు వందల గజాల నుంచి వినిపిస్తే ఇంకో అర్థం. కింద రాసిందంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ముందే ఒక మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. ఇక్కడ చెప్పేది అమెరికాలో లైసెన్స్ తీసుకుని, సీజన్‌లో చేసే వేట గురించి మాత్రమే. ఎల్క్ మన నల్లమలలో ఉండదు. మన దేశంలో దానికి దగ్గరి చుట్టం కశ్మీర్‌లో, శ్రీనగర్ పక్కన దాచిగామ్ అడవిలో మిగిలి ఉన్న హంగుల్. ఆకులు రాలే కాలంలో ఆ మగవి కూడా ఇలాగే గొంతెత్తుతాయి.

1. లైసెన్స్, చట్టం

కొలరాడోలో విల్లు సీజన్ సెప్టెంబర్ 2 నుంచి 30 వరకు. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేసి ఉండాలి. ఆ రాష్ట్రంలో స్థిరపడినవాళ్లు చాలా యూనిట్లకు (వేట కోసం విభజించిన ప్రాంతాలకు) విల్లు లైసెన్స్ నేరుగా కొనుక్కోవచ్చు. బయటి రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లకు మాత్రం 2025 నుంచి డ్రా, అంటే లాటరీ, తప్పనిసరి అయింది. దరఖాస్తు గడువు ఏప్రిల్ మొదట్లోనే ముగుస్తుంది కాబట్టి ఆగస్టులో ఆలోచించుకుంటే ఆ ఏడు గడిచిపోయినట్టే.

హెచ్-1బీ మీద ఉన్న మిత్రులు నన్ను అడిగే మొదటి ప్రశ్న, "మనం వేటాడొచ్చా?" అని. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టుకోవడం మీద ఫెడరల్ చట్టంలో ఆంక్షలున్నాయి. విల్లు ఆ చట్టం దృష్టిలో తుపాకీ కిందకు రాదు. మనవాళ్లలో కొందరు విల్లుతో మొదలుపెట్టడానికి ఇదీ ఒక కారణం.

విల్లు లాగే బరువు కనీసం 35 పౌండ్లు ఉండాలి. ములుకు కనీసం 7/8 అంగుళం వెడల్పుతో, రెండు ఉక్కు అంచులతో ఉండాలి. చాలా యూనిట్లలో మగ ఎల్క్‌ని కొట్టాలంటే ఒక కొమ్ముకి నాలుగు కొనలైనా ఉండాలి, లేదా కనుబొమ్మ దగ్గర మొలిచే కొన ఐదు అంగుళాలైనా ఉండాలి. ఫోన్‌లోనో స్పీకర్‌లోనో రికార్డు చేసిన కూతలు వినిపించే ఆలోచన పెట్టుకోకండి. నోటితో, చేత్తో చేసే పిలుపులే వాడండి. ఆ ఏటి రూల్ బుక్‌లో మీ యూనిట్ నంబర్ కింద ఉన్న ప్రతి అక్షరం చదవండి, నియమాలు ఏటేటా మారుతుంటాయి.

2. ఏ కూతకు ఏ అర్థం

పల్లెలో పెరిగినవాళ్లకు ఇది సులువుగా ఎక్కుతుంది. ఆవు దూడ కోసం అరిస్తే ఒక తీరు, మేతకు అరిస్తే ఒక తీరు, ఎదకొచ్చినప్పుడు అరిస్తే ఇంకో తీరు. ఇంట్లో ఉన్న ముసలావిడ వంటింట్లోంచే చెప్పేస్తుంది, అది ఎందుకు అరుస్తోందో. ఎల్క్ దగ్గర కూడా మనకు కావలసింది ఆ చెవే.

ఆడ ఎల్క్ మామూలుగా చేసే శబ్దాన్ని మ్యూ అంటారు. పైన మొదలై కిందికి జారే చిన్న శబ్దం, "మీ... యూ" అన్నట్టు, సెకను పాటు ఉంటుంది. "నేనిక్కడున్నాను, నువ్వెక్కడ?" అని దాని అర్థం. మంద మేస్తున్నంతసేపూ ఇది వినిపిస్తూనే ఉంటుంది. దూడ మ్యూ ఇంకా సన్నగా, ఇంకా పొట్టిగా ఉంటుంది. మందనుంచి తప్పిపోయిన ఆడది అదే మ్యూని సాగదీసి, ఆత్రంగా, ఆగి ఆగి పిలుస్తుంది. ఎదకు వచ్చిన ఆడది చేసే శబ్దంలో మూలుగు, వణుకు కలిసి ఉంటాయి. దీన్ని అతిగా వాడటం కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు. ఎదకొచ్చిన ఆడది రోజంతా అరుస్తూ తిరగదు.

మగవాటి బ్యూగుల్‌లో రెండు రకాలు గుర్తుపట్టడం నేర్చుకుంటే చాలు. మొదటిది ఉనికి చెప్పే కూత. గొంతులో కోపం ఉండదు, సాఫీగా లేచి, సాఫీగా దిగుతుంది, చివర దగ్గులు ఉండవు. రెండోది కాలు దువ్వే కూత. మొదట్లోనే గరగర, మధ్యలో చీల్చుకొచ్చే అరుపు, చివర "హుఁ హుఁ హుఁ" అని గట్టి గుర్రులు. మందను కాచుకునే పెద్ద మగది, మన ఊళ్లో ఆబోతు అనే స్థానంలో ఉండేది, తన ఆడవాటి వైపు ఇంకో మగది వస్తోందనిపిస్తే ఇలా కూస్తుంది. మంద అంచుల్లో అవకాశం కోసం తిరిగే చిన్న మగవి కూడా ఉంటాయి. విల్లు వేటగాడికి ఎక్కువగా దొరికేవి ఇవే.

కూతలే కాదు, చెట్టు చప్పుడూ ఒక మాటే. మగది కొమ్ములతో చిన్న చెట్లను రాపాడుతుంది, కొమ్మలు విరుస్తుంది, బెరడు చీలుస్తుంది. ఎండు కర్ర తీసుకుని మోడుకేసి గీకితే, పక్కనున్న పొదను ఊపితే, మంచి బ్యూగుల్ కంటే బాగా పనిచేసిన రోజులు నాకు చాలా ఉన్నాయి. దీనికి సాధన కూడా అక్కర్లేదు.

ఇక గుండె జారిపోయే శబ్దం ఒకటుంది. కుక్క ఒక్కసారి మొరిగినట్టు, పొట్టిగా, కటువుగా. అది విన్నారంటే ఎల్క్ మిమ్మల్ని కనిపెట్టేసింది, మిగతావాటికి చెబుతోంది. కదలకుండా ఉండి ఒక మెత్తటి మ్యూతో సర్దిచెప్పి చూడొచ్చు. నా అనుభవంలో పదిసార్లకు తొమ్మిదిసార్లు ఆ రోజు పని అయిపోయినట్టే.

ఇవన్నీ వినాలంటే మంచి చోటు ఎస్టెస్ పార్క్ ఊరు, పక్కనే ఉన్న రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్. ఒకప్పుడు వేట వల్ల ఆ ప్రాంతంలో ఎల్క్‌లు దాదాపు అంతరించిపోతే 1913-14లో ఎల్లోస్టోన్ నుంచి తెచ్చి వదిలారు. ఇప్పుడు సెప్టెంబర్ సాయంత్రాల్లో జనం కుటుంబాలతో వచ్చి మైదానాల పక్కన కూర్చుని వింటారు. అక్కడ వేట లేదు, ఎల్క్‌ని పిలవడమూ నిషేధమే, 75 అడుగుల దూరం పాటించాలి. మీరు చెవులు మాత్రమే తీసుకెళ్లండి. కళ్లు మూసుకుని ముందు ఏది కూసిందో, దానికి ఏది బదులిచ్చిందో, ఎంతసేపటికి ఇచ్చిందో గమనించండి. రెండు సాయంత్రాలు అలా కూర్చుంటే ఏ వీడియో నేర్పనంత నేర్చుకుంటారు.

3. పరికరం, సాధన

మూడు రకాల పరికరాలున్నాయి. చేత్తో నొక్కితే మ్యూ అనేవి. ప్లాస్టిక్ నాలుక ఉండి పెదవులతో ఊదేవి. అంగిట్లో పెట్టుకునే డయాఫ్రమ్. బ్యూగుల్ కోసం వీటికి తోడు ఒక గొట్టం ఉంటుంది, అది శబ్దానికి ఛాతీ ఇస్తుంది.

మొదటి ఏడాది పెదవులతో ఊదే దానితో మొదలుపెట్టండి. వారంలో మ్యూ పట్టుబడుతుంది. కానీ విల్లు లాగి పట్టుకున్నప్పుడు రెండు చేతులూ ఖాళీ ఉండవు. ఆ క్షణంలో ఎల్క్‌ని ఆపడానికి ఒక్క మ్యూ చేయాలంటే నోట్లో డయాఫ్రమ్ ఉండాల్సిందే. అందుకని ఏప్రిల్‌లోనే డయాఫ్రమ్ సాధన కూడా మొదలుపెట్టండి.

డయాఫ్రమ్ అంటే రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దదైన అర్ధచంద్రాకారపు బిళ్ల. చుట్టూ టేపు, మధ్యలో చిన్న లోహపు చట్రం, దాని మీద బిగించిన పలచటి రబ్బరు పొర. రబ్బరు తెరిచి ఉన్న తిన్నటి అంచు పళ్ల వైపు, గుండ్రటి వైపు గొంతు వైపు ఉండేలా అంగిటికి అంటించాలి. మొదటి రెండు మూడు రోజులు వాంతి వచ్చినట్టు ఉంటుంది. టేపు అంచులను కత్తెరతో కొద్దికొద్దిగా కత్తిరించి మీ అంగిటికి సరిపోయేలా చేసుకోండి. ఒకేసారి ఎక్కువ కత్తిరిస్తే గాలి పక్కల నుంచి పోతుంది. రబ్బరు పడనివాళ్లు దీని జోలికి పోవద్దు.

పెట్టుకున్నాక బుగ్గల నుంచి ఊదకండి. చలికాలంలో అద్దం మీద ఆవిరి పట్టడానికి "హా" అంటాం చూడండి, ఆ ఊపిరి కావాలి, కడుపులోంచి. నాలుక మధ్యభాగాన్ని రబ్బరుకి మెత్తగా ఆనించి ఆ ఊపిరి వదలండి. మొదట బుస్సుమని గాలే వస్తుంది. నాలుక ఒత్తిడి వెంట్రుకవాసి పెంచండి, ఒకచోట రబ్బరు పలుకుతుంది. ఆ చోటు దొరికాక ఒకటే స్వరాన్ని పది సెకన్లు పట్టి ఉంచడం నేర్చుకోండి. ఒత్తిడి పెంచితే స్వరం పైకి పోతుంది, వదిలితే కిందికి దిగుతుంది. గట్టిగా నొక్కి మొదలుపెట్టి, దవడ కిందికి దించుతూ ఒత్తిడి సడలిస్తే అదే మ్యూ. అదే పనిని తిరగేసి, కింది నుంచి పైకి మూడు మెట్లు ఎక్కి, పైన ఆగి, మళ్లీ దిగితే బ్యూగుల్‌కి అస్థిపంజరం సిద్ధం.

నేను రోజూ ఆఫీసుకు వెళ్లే దారిలో, కారు అద్దాలు ఎక్కించుకుని పదిహేను నిమిషాలు చేస్తాను. ఫోన్‌లో రికార్డు చేసి మరుసటి రోజు వినండి. చేస్తున్నప్పుడు పుర్రెలో వినిపించేది, బయటికి వినిపించేది ఒకటి కాదు. వాడాక డయాఫ్రమ్‌ని నీళ్లతో కడిగి, పొరలు అతుక్కోకుండా మధ్యలో చదునైన పుల్ల పెట్టి, ఆరాక డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఎండలో కారులో వదిలేస్తే రబ్బరు సాగిపోతుంది.

కూత కచ్చితంగా కుదరలేదని టెన్షన్ పడకండి. అడవిలో ఎల్క్‌లు కూడా అపస్వరాలు పెడతాయి. అన్నిటికంటే దారుణమైన బ్యూగుల్ నేను విన్నది నిజమైన ఎల్క్ నుంచే.

4. నెలలో ఏ వారం

సెప్టెంబర్ మొదటి వారంలో మగవి ఇంకా ఒంటరిగానో, చిన్న గుంపులుగానో ఉంటాయి. కూతలు తక్కువ. నీళ్ల దగ్గర, బురదలో పొర్లే గుంటల దగ్గర ఓపిగ్గా మాటు వేసి మెత్తటి మ్యూలు చేయడం మంచిది. రెండో వారం నుంచి పెద్దవి ఆడవాటిని పోగు చేసుకోవడం మొదలుపెడతాయి, కూతలు ఊపందుకుంటాయి. 10 నుంచి 20 దాకా ఉన్న రోజులే నాకు ఇష్టం. ఆ తర్వాత ఎదకాలం ముదురుతుంది, పగలూ రాత్రీ సమం అయ్యే రోజుల చుట్టూ అడవి మార్మోగుతుంది. కానీ పెద్ద మగది అప్పుడు మందను వదిలి రాదు. ఎండ కాసే రోజుల్లో రాత్రంతా కూసి పగలు మౌనంగా ఉంటాయి, మంచు పడిన ఉదయం తొమ్మిది దాటినా కూస్తూనే ఉంటాయి.

5. గాలి

మన భాషలో పసి అంటే వాసన. పసిగట్టడం అనే మాట వేటగాళ్లకు ఎంత బాగా అతుకుతుందో ఎల్క్ వేటలో తెలిసింది. అది మిమ్మల్ని చూస్తే ఒక క్షణం ఆలోచిస్తుంది, చప్పుడు వింటే ఆగి చూస్తుంది. పసిగడితే మాత్రం ఆలోచన ఉండదు, మంద మొత్తం మైలు దూరం పోయేదాకా ఆగదు.

కొండల్లో గాలివాటం గడియారంతో పాటు మారుతుంది. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి జారుతుంది. తెల్లవారుజామున కూడా కిందికే పోతుంది. అంటే ఉదయం ఎల్క్ పైన, మీరు కింద ఉండాలి. ఎండ తగిలి వాలు వేడెక్కాక, తొమ్మిది పది గంటల మధ్య, గాలి తిరగబడి పైకి ఎక్కడం మొదలవుతుంది. అప్పుడు మీరు ఎల్క్ కంటే ఎత్తులో ఉండాలి. సాయంత్రం నీడ పడగానే మళ్లీ కిందికి. తిరగబడే ఆ అరగంట, ముప్పావుగంట అన్నిటికంటే ప్రమాదం. గాలి అటూ ఇటూ తడుముకుంటూ సుడులు తిరుగుతుంది. ఆ సమయంలో నేను ఎంత పెద్ద మగది కూసినా కదలను. ఒక చెట్టుకి ఆనుకుని రొట్టె తింటూ గాలి కుదురుకునేదాకా కూర్చుంటాను.

గాలి చూడటానికి వాసన లేని పొడి ఉన్న చిన్న సీసాలు దొరుకుతాయి. నాకు అంతకంటే నచ్చింది మిల్క్‌వీడ్ దూది. మిల్క్‌వీడ్ మన జిల్లేడు కుటుంబపు మొక్కే, కాయ పగిలితే అదే పట్టులాంటి దూది. చిన్నప్పుడు జిల్లేడు దూదిని ఊది ఎగరేసినట్టే ఒక పోగు వదలండి. పొడి మూడడుగుల్లో మాయమవుతుంది. దూది యాభై గజాల దాకా కనిపిస్తుంది, ఎక్కడ మలుపు తిరిగిందో, ఎక్కడ సుడిలో పడిందో చూపిస్తుంది. ప్రతి పది నిమిషాలకూ ఒక పోగు వదలడం నాకు అలవాటైపోయింది.

6. వెతకడం

పగటి పూట ఎల్క్‌లు ఉత్తరం వైపు వాలుల్లో, ఎండ పడని చిక్కటి స్ప్రూస్, ఫర్ చెట్ల మధ్య పడుకుంటాయి. తెల్లవారుజామున, సాయంత్రం ఆస్పెన్ తోపుల అంచుల్లో, గడ్డి మైదానాల్లో మేస్తాయి. కొలరాడోలో సెప్టెంబర్‌లో ఇది సాధారణంగా 8,500 నుంచి 11,000 అడుగుల ఎత్తు. మైదానం నుంచి వచ్చేవాళ్లు రెండు రోజులు ముందే వచ్చి ఒంటికి అలవాటు చేసుకోవాలి, నీళ్లు బాగా తాగాలి. తలనొప్పి, వాంతి మొదలైతే మొండిగా ఎక్కకుండా కిందికి దిగిపోవాలి.

నేల మీద చూడాల్సినవి గిట్టల గుర్తులు, పెంటికలు, చెట్లకు చీలిన బెరడు, పొర్లిన గుంటలు. పెంటికలు ఇంకా తడిగా మెరుస్తుంటే, చీలిన బెరడు మీద జిగురు కారుతుంటే అవి ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. పొర్లుడు గుంటను చూడక ముందే వాసన చెబుతుంది. మగది తన మూత్రం కలిపిన బురదను ఒళ్లంతా పూసుకుంటుంది, ఘాటు చాలా దూరం వస్తుంది.

వెలుగు రాకముందే ఒక గట్టు మీదికి చేరి పది నిమిషాలు ఊరికే వినండి. అవే కూస్తుంటే మీరు కూయాల్సిన అవసరమే లేదు. నిశ్శబ్దంగా ఉంటే ఉనికి చెప్పే బ్యూగుల్ ఒకటి, ఒక్కటే, లోయలోకి వదిలి పదిహేను నిమిషాలు ఆగండి. బదులు లేకపోతే అర మైలు నడిచి మళ్లీ. బదులు వస్తే వెంటనే ఇంకో కూత పెట్టాలని చేతులు తహతహలాడతాయి. పెట్టకండి. అది ఎక్కడుందో మీకు తెలిసింది. ఇకమీదట మీరు చేసే ప్రతి శబ్దం మీరెక్కడున్నారో దానికి చెబుతుంది.

అడవిలో వినిపించే ప్రతి కూత ఎల్క్‌దే అనుకోకండి. ఇంకో వేటగాడు కూడా అయివుండొచ్చు. జంతువు మొత్తం కళ్లకు స్పష్టంగా కనిపించేదాకా విల్లు లాగడం కాదు, ఎత్తడం కూడా చేయకూడదు.

7. దగ్గరికి చేరి మాటు వేయడం

నాలుగు వందల గజాల దూరం నుంచి మీరు సవాలు చేస్తే పెద్ద మగది ఏం చేస్తుంది? బదులు కూసి, ఆడవాటిని కూడగట్టుకుని, మీకు దూరంగా తోలుకుపోతుంది. గొడవ దూరంలో ఉన్నప్పుడు తప్పించుకోవడమే దానికి లాభం. అదే వంద, నూటయాభై గజాల్లో, దాని ఇంటి ముంగిట్లో నిలబడి కూస్తే ఊరుకోలేదు. నా మొదటి మూడేళ్లు పోయింది ఇక్కడే. కాబట్టి గాలి చూసుకుంటూ, నోరు మూసుకుని, ముందు ఆ దూరానికి చేరండి.

ఇద్దరుంటే విల్లు పట్టినవాడు ముందు, పిలిచేవాడు వెనక నలభై నుంచి అరవై గజాల్లో ఉండాలి. ఎల్క్ నేరుగా రాదు. చివర్లో చుట్టు తిరిగి, పిలిచినవాడి వాసన అందే వైపుకి వెళ్లాలని చూస్తుంది. అందుకని విల్లుకారుడు నేరుగా ముందు కాకుండా గాలి పోయే వైపుకి కాస్త జరిగి కూర్చోవాలి. చుట్టు తిరిగి వచ్చే ఎల్క్ అతని ముందు నుంచే పోతుంది.

పొద వెనక దాక్కోకండి, పొద ముందు కూర్చోండి. వెనక ఆకులుంటే మీ ఆకారం కలిసిపోతుంది, ముందు ఆకులుంటే బాణానికి దారి ఉండదు. కాళ్ల కింద ఎండుటాకులు, పుల్లలు తీసేయండి. ఇరవై, ముప్పై, నలభై గజాల్లో ఏ చెట్టుందో దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌తో ముందే చూసుకోండి.

పిలిచేవాడు ఎంచుకోవాల్సిన చోటు ఇంకా ముఖ్యం. శబ్దం వచ్చిన చోటుకి చూపు ఆనితే, అక్కడ ఆడ ఎల్క్ కనిపించకపోతే, మగది డెబ్బై ఎనభై గజాల్లో ఆగిపోయి నిలబడుతుంది. ఎంత పిలిచినా రాదు. దానికి తెలుసు, ఆడది ఉంటే ఇక్కడికి కనిపించాలి. అందుకని గట్టు అవతల, వాలు మలుపులో, పడిపోయిన పెద్ద చెట్టు వెనక నుంచి పిలవాలి. తొంగిచూడాలంటే మగది విల్లుకారుడి దాకా రావాల్సిందే అన్నట్టు ఉండాలి. ఒక్కరే ఉంటే, పిలిచి వెంటనే ఇరవై ముప్పై గజాలు ముందుకు జరిగి కూర్చోండి, ఆ తర్వాత చేసే మ్యూలు తల వెనక్కి తిప్పి చేయండి.

8. పిలవడం

మంద అంచుల్లో తిరిగే చిన్న మగవాటికి రెండు మ్యూలు చాలు. ఒకటి, నాలుగైదు సెకన్ల తర్వాత ఇంకోటి, ఆ తర్వాత మౌనం. అది బదులిచ్చి దగ్గరవుతుంటే మీరేమీ చేయకండి. ఆగిపోతే ఒకటి చేయండి.

మంద ఉన్న పెద్ద మగదానికి పద్ధతి వేరు. వంద గజాల్లోపు చేరాక మొదట ఆడదానిలా ఒక మ్యూ. అది బదులు కూయడం మొదలుపెట్టగానే, కూత పూర్తి కాకముందే మీ బ్యూగుల్‌తో అడ్డు తగలండి. ఎదుటివాడి మాట మధ్యలో తుంచేయడం మనుషుల్లో ఎంత అవమానమో అక్కడా అంతే. కర్రతో మోడు గీకండి. రావలసిందైతే నిమిషంలో వస్తుంది, కాబట్టి బాణం ముందే తొడిగి ఉండాలి.

ఏమీ వినిపించని రోజుల్లో తాజా గుర్తులున్న చోట కూర్చుని, పది నిమిషాలకు ఒకసారి మ్యూలు, మధ్యలో కొమ్మ విరిచిన చప్పుడు చేస్తూ ముప్పావుగంట ఉండండి. ఇలా వచ్చేవి చడీచప్పుడు లేకుండా వస్తాయి. చాలామంది అరగంటకు లేచి, అప్పుడే వస్తున్న ఎల్క్‌ని తోలేస్తారు.

రెండేళ్ల కిందట నేను, మా బావమరిది ఒక ఆస్పెన్ వాలులో ఉన్నాం. నేను ముందు, వాడు వెనక గట్టు అవతల. మగది కూసుకుంటూ వచ్చి సరిగ్గా డెబ్బై గజాల్లో ఆగింది. కొమ్ములకు గడ్డి వేలాడుతోంది, ఊపిరి ఆవిరిగా కనిపిస్తోంది. ఐదు నిమిషాలు కదల్లేదు. అంతకు ముందు నాకు చెవిలో చెప్పి వెళ్లాడు వాడు: "బావా, అది ఆగితే నేను వెనక్కి పోతా. నువ్వు కదలకు." అన్నట్టే మ్యూ మ్యూ అంటూ, పుల్లలు తొక్కుతూ వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. ఆడది విసిగిపోయి వెళ్లిపోతున్నట్టు. ముప్పై గజాలు నడిచాడో లేదో, ఆ మగది తల ఒకసారి విదిలించి కదిలింది. నా ముందు ఇరవై ఎనిమిది గజాల్లోంచి, నన్ను చూడకుండా, వాడి గొంతు వైపే చూస్తూ పోయింది. ఆ రోజు వాడు చేసిన మ్యూలు గొప్పవేం కావు. దూరం అవుతున్నాయి, అంతే.

పిలుపు విని వచ్చేవి ఎల్క్‌లే అని హామీ లేదు. దూడ పిలుపుకి కొండ సింహం రావచ్చు, ఎలుగు రావచ్చు. వయోమింగ్, మోంటానా వైపు గ్రిజ్లీలు అనే పెద్ద ఎలుగులు ఉన్న చోట, వాటిని తరిమే బేర్ స్ప్రే నడుముకి ఉండాలి, బ్యాగులో కాదు.

9. బాణం

ఎల్క్ కన్ను చెట్టు వెనకకు పోయిన క్షణంలో విల్లు లాగండి. అది నడుస్తుంటే నోట్లోని డయాఫ్రమ్‌తో ఒక పొట్టి మ్యూ చేస్తే ఆగుతుంది. పక్కకు తిరిగి నిలబడినప్పుడు గానీ, కాస్త అవతలికి తిరిగినప్పుడు గానీ మాత్రమే వదలండి. ముందు కాలి వెనక, ఛాతీలో కింది నుంచి మూడో వంతు ఎత్తులో, ఊపిరితిత్తులు, గుండె ఉన్న చోటికి. ఎదురుగా నిలబడి చూస్తున్న దాని మీద వదలొద్దు. ఇంటి దగ్గర అరవై గజాల్లో గురి తప్పనివాళ్లు కూడా గుండె దడదడలాడుతున్నప్పుడు ముప్పై ఐదు దాటితే ఆలోచించాలి. గాయపడి తప్పించుకుపోయిన జంతువు అడవిలో పడే బాధకు మనదే పూచీ.

బాణం తగిలిన వెంటనే ఒక మ్యూ చేయండి. చాలాసార్లు అది పరుగు ఆపి నిలబడి వెనక్కి చూస్తుంది, అక్కడే కూలుతుంది. మీరు గడియారం చూసుకోండి, చివరిసారి అది కనిపించిన చెట్టును గుర్తు పెట్టుకోండి, కూర్చోండి. బాణం దొరికితే దాని మీది నెత్తురు చూడండి. లేత ఎరుపు, నురగ ఉంటే ఊపిరితిత్తులు, కనీసం అరగంట ఆగాలి. చిక్కటి ముదురు ఎరుపు అయితే కాలేయం, నాలుగు నుంచి ఆరు గంటలు. ఆకుపచ్చ, పేడ వాసన ఉంటే పేగులు, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆగితే తప్ప జాడ పట్టకూడదు. తొందరపడి వెంటపడితే లేచి ఇంకో కొండ ఎక్కుతుంది.

10. మాంసం

ఎల్క్ మాంసానికి మొదటి శత్రువు దాని వేడే. ఆ మందపాటి చర్మం కింద సెప్టెంబర్ ఎండలో గంటల్లో పాడవుతుంది. కూలిన ఎల్క్‌కి లైసెన్స్ చీటీ కట్టగానే చర్మం తీయడం మొదలుపెట్టాలి. పొట్ట తెరవకుండానే నాలుగు కాళ్లు, వీపు కండలు, మెడ మాంసం తీసే పద్ధతి నేర్చుకోండి, కొండ మీద ఇద్దరికి అదే సులువు. లింగ నిర్ధారణ ఆనవాలు ఒక ముక్కకు అంటి ఉండాలని చట్టం చెబుతుంది, కోసేసి పారేయకండి. గుడ్డ సంచుల్లో పెట్టి నీడలో, గాలి తగిలేలా వేలాడదీయండి. ఎముక తీసిన మాంసమే ఒక పెద్ద మగదాని నుంచి ఎనభై, వంద కిలోలు వస్తుంది. ఇద్దరికి రెండేసి మూడేసి ట్రిప్పులు. అందుకే రోడ్డు నుంచి నాలుగు మైళ్లు లోపలికి వెళ్లి పిలిచే ముందే ఈ లెక్క వేసుకోవాలి.

పై దవడలో రెండు పొట్టి కోరలుంటాయి, దంతంలాగే నున్నగా, గోధుమ మరకతో. మేము కొట్టిన మొదటి ఎల్క్ కోరలు మా అమ్మాయి దగ్గరున్నాయి.

కొలరాడోలో జింక జాతికి సీడబ్ల్యూడీ అనే నరాల జబ్బు ఉంది. 1967లో ఫోర్ట్ కాలిన్స్‌లోనే మొదట గమనించారు. తలను పరీక్షకు ఇవ్వండి, కొన్ని యూనిట్లలో అది తప్పనిసరి కూడా. ఫలితం వచ్చేదాకా ఆ మాంసాన్ని వేరే డబ్బాల్లో, తేదీ, లైసెన్స్ నంబర్ రాసి ఫ్రీజర్‌లో పెట్టండి. జబ్బు ఉందని తేలితే తినకండి. లేదని తేలాక మా ఇంట్లో మొదట వండేది మెడ మాంసం, కుక్కర్‌లో ఎనిమిది కూతలు, గసగసాలు, కొబ్బరి ముద్ద. కొవ్వు లేని మాంసం కాబట్టి నూనె మామూలు కంటే రెండు చెంచాలు ఎక్కువ పడుతుంది.